పారిస్, ఇంటర్లాకెన్, రోమ్: పది రోజుల తిండికి ఎంత పట్టుకెళ్ళాలి?

గౌతమీతీరం · హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఏప్రిల్ చివర్లో, బాబు పరీక్షలు అయిపోగానే, అమ్మానాన్నలను తీసుకుని యూరప్ వెళ్తున్నాం. పారిస్‌లో 3 రోజులు, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో 4, రోమ్‌లో 3. మొత్తం ఐదుగురం: నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, అమ్మ, నాన్న. విమానాలు, రైళ్ళు, గదులు అన్నీ బుక్ అయిపోయాయి. టెన్షన్ అంతా తిండి ఖర్చు దగ్గరే.

ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే మనిషికి రోజుకు 60 యూరోలు వేసుకోమన్నాడు. యూరో 100 రూపాయలు అనుకున్నా ఐదుగురికి పది రోజులకు 3 లక్షలు! ఆఫీసులో ఒకాయనేమో "మేం బ్రెడ్డు ముక్కలతో గడిపేశాం, ఏం కాలేదు" అంటాడు. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. నాన్నకు షుగర్, వేళకు తినాలి. 34 ఏళ్ళు బడిపంతులుగా చేసి, సెలవు పేరుతో ఒక్కసారి కూడా రాష్ట్రం దాటని మనిషి. ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళి బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టాలని నాకు లేదు. అలాగని లెక్కాపత్రం లేకుండా ఖర్చుపెట్టే స్తోమతా లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడ ఉంటున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

జ్యూరిక్_తెలుగు · స్విట్జర్లాండ్

గౌతమీతీరం గారూ, నేనిక్కడ 11 ఏళ్ళుగా ఉంటున్నాను. ముందు ఒక్క మాట అడుగుతాను. ఇంటర్లాకెన్‌లో తీసుకున్నది హోటల్ గదా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా? స్విట్జర్లాండ్‌లో మీ ఖర్చు సగానికి సగం ఆ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది. హోటల్ గదే అయితే, ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఇంకా ఉందేమో చూసి అపార్ట్‌మెంట్‌కి మార్చుకోండి.

ఎందుకంటే ఇక్కడ మామూలు రెస్టారెంట్‌లో మధ్యాహ్నం పూట ఒక ప్లేటు 20 నుంచి 25 ఫ్రాంకులు. ఐదుగురికి, పిల్లాడికి కొంచెం తగ్గినా, 100 ఫ్రాంకులు దాటిపోతుంది. ఫ్రాంకు అంటే యూరో కన్నా ఎక్కువ. అదే సూపర్‌మార్కెట్‌లో కిలో బియ్యం, అరకిలో పెరుగు, పాలు, క్యాబేజీ, టమాటా, బంగాళాదుంప కొంటే రెండు పూటలకు పాతిక ఫ్రాంకుల్లో అయిపోతుంది. ఇక్కడ బయట వండిపెట్టే మనిషి జీతం ఖరీదు, సరుకు అంత ఖరీదు కాదు. ఈ తేడా పట్టుకుంటే చాలు.

రెండు పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి: కూప్, మిగ్రోస్. కూప్‌లో "ప్రి గరాంటీ", మిగ్రోస్‌లో "ఎం-బడ్జెట్" అని రాసి ఉన్నవి చౌక రకాలు. చౌక అంటే నాసిరకం అనుకోకండి, పాలు, పెరుగు, బియ్యం నేనూ అవే కొంటాను. పెరుగు డబ్బా మీద "నాటూర్" అని ఉండాలి, లేకపోతే పంచదార కలిసినది వస్తుంది. నాన్నగారికి షుగర్ కదా, అది తప్పనిసరిగా చూడండి.

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారం సాయంత్రం కూడా తొందరగా కట్టేస్తారు. రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. మీరు చేరేది శనివారం అయితే రైలు దిగగానే ముందు సరుకులు కొని, ఆ తర్వాతే గదికి వెళ్ళండి.

నీళ్ళ సీసా కొననే కొనకండి. ఊళ్ళో ప్రతి కూడలిలో రాతి తొట్టెల్లోకి నీళ్ళు పడుతుంటాయి. ఒక్క జ్యూరిక్‌లోనే 1,200కు పైగా ఉన్నాయి. "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉంటే తప్ప అవన్నీ తాగే నీళ్ళే. గదిలో కొళాయి నీళ్ళూ అంతే. కానీ రెస్టారెంట్‌లో కూర్చుని కొళాయి నీళ్ళు అడిగితే కొందరు దానికీ డబ్బులు వేస్తారు. ముందే అడగండి, తప్పేం లేదు.

సెయిన్_ఒడ్డున · పారిస్

నేను పారిస్‌లో చదువుకుని ఇక్కడే పనిచేస్తున్నాను, అందుకని ఈ ఊరి సంగతి వరకు చెప్తాను. స్విట్జర్లాండ్‌లో వంట ముఖ్యం అన్నారు కదా, పారిస్‌లో కూర్చునే చోటు ముఖ్యం. ఒకే కాఫీ హోటల్లో ఒకే కాఫీకి కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, లోపల బల్ల దగ్గర ఇంకో ధర, బయట వీధిలో కుర్చీ వేసుకుంటే మరో ధర. ఈ ధరలన్నీ గోడ మీద రాసే ఉంటాయి. మనకు ఆ అలవాటు లేక చూడం.

నీళ్ళ విషయం. కూర్చోగానే "స్టిల్లా, స్పార్క్లింగా?" అని అడుగుతారు. ఏదో ఒకటి అనగానే 5, 6 యూరోల సీసా తెచ్చిపెడతారు. "యూన్ కరాఫ్ దో, సిల్ వు ప్లే" అనండి. జగ్గుతో కొళాయి నీళ్ళు తెస్తారు. భోజనంతో పాటు ఆ జగ్గు ఉచితంగా ఇవ్వాలన్నది ఇక్కడి నిబంధన, మొహమాటపడకండి. రొట్టె ముక్కల బుట్ట కూడా భోజనంతో ఉచితమే. సర్వీసు డబ్బులు ధరలోనే కలిసి ఉంటాయి కాబట్టి బిల్లు మీద 10 శాతం, 15 శాతం టిప్పు పెట్టాల్సిన పని లేదు. బాగుందనిపిస్తే ఒకటో రెండో యూరోలు వదిలితే చాలు.

వేళల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఇక్కడ చాలా రెస్టారెంట్లలో మధ్యాహ్నం రెండున్నరకు వంటగది కట్టేస్తారు, మళ్ళీ సాయంత్రం 7కే తెరుస్తారు. మ్యూజియంలో ఆలస్యమై మూడింటికి బయటికొస్తే నాన్నగారికి వేడి భోజనం దొరకడం కష్టం. బ్యాగులో ఏదో ఒకటి ఉండాలి.

గుడ్డు కూడా తినరంటున్నారు కాబట్టి బేకరీలో బగెట్ ధైర్యంగా తీసుకోండి. సంప్రదాయ బగెట్‌లో పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేం ఉండవు, ధర యూరోన్నర లోపే. బ్రియోష్ అనే మెత్తటి తియ్య రొట్టెలో గుడ్డు ఉంటుంది. క్రువాసాన్ మీద మెరుపు కోసం గుడ్డు పూస్తారు. కీష్ లొరేన్‌లో గుడ్డుతో పాటు పంది మాంసం ముక్కలు కూడా ఉంటాయి.

ఇక అన్నం, దోసె కావాలంటే లా షపెల్ వెళ్ళండి. గార్ దు నార్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. శ్రీలంక తమిళుల పేట అది. ఇడ్లీ, దోసె, సాంబారు, వడ అన్నీ దొరుకుతాయి, సరుకుల షాపుల్లో కరివేపాకు, ములక్కాడలు కూడా. అక్కడికి దగ్గర్లోనే ర్యూ పజోల్‌లో మాణిక్క వినాయగర్ గుడి ఉంది. అమ్మగారిని గుడికి తీసుకెళ్ళి, అక్కడే భోజనం చేసి రండి. ఐఫిల్ టవర్ దగ్గర ఇచ్చే ధరలో సగానికే నలుగురు కడుపునిండా తినొచ్చు.

ఓరుగల్లు77 · వరంగల్

నేను చెప్పేది ఇటలీ గురించి. పోయిన ఏడాది మేం నలుగురం వెళ్ళినం, వెనిస్‌లో చేతి చమురు బాగా వదిలింది.

కాలువ పక్కన ఒక హోటల్. మెనూ కార్డులో చేప 7 యూరోలు అని ఉంది. ఫర్వాలేదే అనుకుని రెండు చెప్పినం. బిల్లులో ఆ రెండు చేపలకే 110 యూరోలు! అడిగితే కార్డులో ఒక మూల చూపించిండు, "అల్ ఎత్తో" అని. అంటే 100 గ్రాముల ధర. చేప ముప్పావు కిలో పైనే ఉంది. రాసి ఉంది కాబట్టి మనం ఏమనలేం. మా ఆవిడ ఆ రాత్రంతా నిద్రపోలేదు. మీరు శాకాహారులే అయినా మీ వారు, బాబు తింటారేమో అని చెప్తున్నా. వండకముందే తూకం ఎంత, మొత్తం ఎంత అని అడిగి రాయించుకోండి.

రెండోది "కొపెర్తో". కూర్చున్నందుకు, రొట్టె పెట్టినందుకు మనిషికి ఒకటిన్నర నుంచి 3 యూరోల దాకా వేస్తరు. మోసం కాదు, అక్కడి పద్ధతే. ఐదుగురంటే పూటకు 10 యూరోలు అదే పోతుంది. దానికి తోడు "సెర్విజియో" అని సర్వీసు కింద ఇంకో శాతం రాసి ఉందేమో మెనూ కింద చూడండి. రెండూ ఉన్నచోట మేం లేచి వచ్చేసినం. నీళ్ళు కూడా పారిస్ లెక్క కాదు, సీసాయే ఇస్తరు, డబ్బులు పడతయ్.

వెనిస్ సెయింట్ మార్క్ చౌరస్తాలో సంగీతం వాయించే హోటళ్ళల్ల కూర్చుంటే సంగీతానికి మనిషికి ఇంత అని వేరుగా వేస్తరు. నిలబడి వింటే ఏమీ లేదు. మేం నిలబడే విన్నం, చాలా బాగుంది.

మామిడితాండ్ర · గుంటూరు

అమ్మాయ్ గౌతమీ, నేను రెండేళ్ళ కిందట మా అత్తగారిని తీసుకెళ్ళాను. ఆవిడకి 74. ఏం పట్టుకెళ్ళాలో, ఏం పట్టుకెళ్ళకూడదో చెప్తాను.

ముందు పట్టుకెళ్ళకూడనివి. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి, కోవా, జున్ను, కోడి పచ్చడి ఇవేవీ పెట్టకు. తాజా కరివేపాకు, పచ్చిమిరపకాయలు, మామిడికాయలు కూడా కుదరదు. పండ్లలో అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరం, డూరియన్ తప్ప మిగతావాటికి సర్టిఫికెట్ అడుగుతారు. అత్తగారు నేతి సీసా లేనిదే ముద్ద దిగదని బాధపడ్డారు. అక్కడ వెన్న కొని గదిలోనే కాచాను. ఆ దేశపు వెన్నతో కాచిన నెయ్యి వాసనకు పక్కగదివాళ్ళు వచ్చి అదేమిటని అడిగారంటే నమ్ము.

పట్టుకెళ్ళాల్సినవి: కందిపొడి, కరివేపాకు కారం, ఉప్మా రవ్వ వేయించి పోపు కలిపి పెట్టుకున్నది, అటుకులు, పులిహోర గుజ్జు చిన్న సీసా, ఆవకాయ. పచ్చడి చేతి సంచిలో పెట్టకు, చెకిన్ సామానులో పెట్టు. మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టాలి. ఒక సీసా కారితే ఐదుగురి బట్టలూ పోతాయి.

హోటల్ గదిలో మాత్రం పొయ్యి, కుక్కర్ పెట్టొద్దు తల్లీ. పొగకి అలారం మోగుతుంది, జరిమానా వేస్తారు. కెటిల్‌లో నీళ్ళు కాచుకుని అటుకులు, ఉప్మా నానబెట్టుకోవడం వరకే. వంట అంతా అపార్ట్‌మెంట్‌లోనే.

పాలకొల్లు_పిల్లోడు · బెంగళూరు

అందరూ పెద్దవాళ్ళు, తప్పుగా అనుకోవద్దు. కానీ ఈ చర్చ చదువుతుంటే నాకు బాధగా ఉంది. జీవితంలో ఒక్కసారి పారిస్ వెళ్తూ ఉప్మా రవ్వ మోసుకెళ్ళడం ఏంటి? ఒక ఊరు తెలియాలంటే ఆ ఊరి తిండి తినాలి కదా. పాలకొల్లు వచ్చినవాళ్ళు మా దిబ్బరొట్టె తినకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పితే నేనైతే నొచ్చుకుంటాను. ఖర్చుకి భయపడి గదిలో వండుకుంటే, తిరిగొచ్చాక ఏం గుర్తుంటుంది?

ఇంకోటి, అక్కడ బీరు, వైను ఖర్చు ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి. నేను అక్టోబరులో వెళ్తున్నాను.

మామిడితాండ్ర · గుంటూరు

నాయనా, నువ్వన్నది నిజమే, నేను కాదనను. కానీ 74 ఏళ్ళ మనిషికి, షుగర్ ఉన్న మనిషికి రెండు పూటలు తెలిసిన తిండి కడుపులో పడితేనే మూడో పూట తెలియనిది రుచి చూసే ఓపిక ఉంటుంది. మా అత్తగారు పొద్దున ఉప్మా తిని, మధ్యాహ్నం పెరుగన్నం తిని, సాయంత్రం రోమ్‌లో జెలాటో రెండు కప్పులు తిన్నారు. పిస్తా, నిమ్మకాయ. ఇప్పటికీ ఆ నిమ్మకాయ ఐసు సంగతే చెప్తారు.

సెయిన్_ఒడ్డున · పారిస్

బీరు గురించి అడిగారు కదా. ఫ్రాన్స్‌లో సూపర్‌మార్కెట్‌లో 5 యూరోలకు మంచి వైను సీసానే వస్తుంది. అదే రెస్టారెంట్‌లో ఒక్క గ్లాసు ఆ ధర. బార్లలో సాయంత్రం 5 నుంచి 8 దాకా "హ్యాపీ అవర్" అని రాసి ఉంటుంది, అప్పుడు ధర బాగా తగ్గుతుంది. బీరు చెప్పేటప్పుడు "దెమి" అంటే సగం లీటరు కాదు, పావు లీటరు మాత్రమే. పిల్లలకు కోలా, రసాలు చెప్పేటప్పుడు కూడా ధర చూడండి, కొన్నిచోట్ల వైను గ్లాసు కన్నా కోలానే ఎక్కువ.

జ్యూరిక్_తెలుగు · స్విట్జర్లాండ్

స్విట్జర్లాండ్‌లో మిగ్రోస్‌కి వెళ్ళి బీరు వెతుక్కోకండి, అక్కడ మద్యం అమ్మరు. స్థాపకుడు గాట్లీబ్ డుట్‌వైలర్ కాలం నుంచి, అంటే 1928 నుంచి ఉన్న కట్టుబాటు. 2022లో సభ్యులందరితో ఓటింగ్ పెట్టినా వద్దనే తేల్చారు. కూప్‌లో దొరుకుతుంది.

శాకాహారులకు ఇంకో సంగతి. ఇక్కడ అందరూ తినమనే ఫాండ్యూలో, అంటే రొట్టె ముంచుకు తినే కరిగించిన జున్నులో, తెల్ల వైను, తరచుగా కిర్ష్ అనే సారా కూడా పోస్తారు. పైగా గ్రుయేర్ లాంటి జున్నులు దూడ కడుపులోంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తో చేసినవి. ఇటలీ పర్మిజానో కూడా అంతే. పట్టింపు ఉన్నవాళ్ళకు ముందే తెలియాలి, తిన్న తర్వాత చెబితే ఆ బాధ వేరు. వాళ్ళకు రోష్టి చెప్పండి. బంగాళాదుంప తురిమి పెనం మీద ఎర్రగా కాల్చింది. "ఓనె ష్పెక్" అంటే పంది మాంసం లేకుండా ఇస్తారు.

బ్యాంకు_బాబాయి · విజయవాడ

తిండి గురించి అందరూ చెప్పారు, నేను బిల్లు కట్టే దగ్గర చెప్తాను. రిటైర్ అయ్యేదాకా కార్డుల విభాగంలోనే పనిచేశాను.

కార్డు పెట్టగానే మెషిన్‌లో "రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా" అని వస్తుంది. రూపాయలు చూడగానే మనవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది, అదే నొక్కేస్తారు. అక్కడే దెబ్బ. ఆ మార్పిడి రేటు వాళ్ళిష్టం, మీ బ్యాంకు రేటు కన్నా చాలాసార్లు బాగా ఎక్కువ. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే నొక్కండి. వెయిటర్ మీ బదులు నొక్కబోతే ఆపండి.

మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం దాకా మార్కప్, అంటే బ్యాంకు వేసే అదనపు రుసుము, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. లక్ష రూపాయలు తింటే 4 వేలకు పైగా ఊరికే పోతుంది. మార్కప్ లేని కార్డులు ఉన్నాయి, వెళ్ళడానికి నెల ముందే తీసుకోండి. చిల్లర ఖర్చులకు కొంత నగదు ఉంచుకోండి. పెద్దవాళ్ళ జేబులో కూడా కొంత పెట్టండమ్మా, తప్పిపోతే పనికొస్తుంది.

నిర్మల్_బొమ్మ · కరీంనగర్

బాబాయి గారు చివర్లో అన్న మాట చూసి రాస్తున్నాను. ఇది యూరప్ సంగతి కాదు, సింగపూర్‌ది. కానీ గౌతమీతీరం గారికి చెప్పాలనిపించింది.

మూడేళ్ళ కింద నాన్నను, అమ్మను సింగపూర్ తీసుకెళ్ళాను. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. మొదటి రోజు లిటిల్ ఇండియాలో దోసె 5 డాలర్లు అని చూశారు. అప్పుడు డాలరు 60 పైచిలుకు. "దోసెకి మూడొందలా?" అన్నారు. తర్వాత ఎక్కడికి వెళ్ళినా "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అనేవారు. పొద్దున హోటల్లో ఇచ్చే టిఫిన్ తిని, రాత్రిదాకా కొళాయి నీళ్ళతో గడిపారు. ప్రయాణ బడలిక అనుకున్నాను, నాకు తట్టలేదు. మూడో రోజు మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. అక్కడి సిబ్బంది కుర్చీ తెచ్చారు, నీళ్ళిచ్చారు. అప్పుడు అమ్మ చెప్పింది, "రెండు రోజుల నుంచి పొద్దున టిఫిన్, రాత్రి పూట తప్ప ఏం తింటలేడు, నీ పైసలు కరాబైతయని" అని. నేను పక్కనే ఉండి చూసుకోలేకపోయాను కదా అని ఇప్పటికీ కడుపులో దేవినట్టే ఉంటుంది.

ఆ సాయంత్రం తమ్ముడు ఒక పని చేశాడు. నాన్న చేతిలో 150 డాలర్లు పెట్టి, "ఇవి ఆల్రెడీ మార్చేసినవి నాన్నా, మళ్ళీ రూపాయలు చేస్తే నష్టం వస్తుంది, మీరే మా అందరికీ తినిపించాలి" అన్నాడు. అది నిజమే కూడా. ఆ తర్వాత టెక్కా సెంటర్‌లో నాన్నే ముందు నడిచి, ధరలు చూసి, ఎవరెవరికి ఏం కావాలో అడిగి కొనిపెట్టారు. తనూ తిన్నారు.

మీ నాన్నగారు కూడా ప్రతిదాన్నీ వందతో గుణించుకుంటారు గౌతమి గారూ. ఆ గుణకారం ఇంట్లోనే చేసేసి వెళ్ళండి. అక్కడ బల్ల ముందు కూర్చున్నాక చేయనివ్వకండి.

గౌతమీతీరం · హైదరాబాద్

నిర్మల్_బొమ్మ గారూ, మీరు రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా నాన్న అచ్చం అలాంటి మనిషే. ఇంటర్లాకెన్ గది రద్దు చేసి పక్కనున్న విల్డర్స్‌విల్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మార్కప్ లేని కార్డుకి అప్లై చేశాను. తిరిగొచ్చాక లెక్క రాస్తాను.

గౌతమీతీరం · హైదరాబాద్

తిరిగొచ్చి వారమైంది. మాటిచ్చినట్టే లెక్క రాస్తున్నాను. ఈ లెక్క నాది కాదు, నాన్నది. బయల్దేరే ముందు ఆయనకు 200 పేజీల నోటుబుక్కు, ఒక పర్సు ఇచ్చి, "తిండి ఖర్చుకు కోశాధికారి మీరే, 1,400 యూరోలు మంజూరైంది, మిగిలితే బాబు పేరున వేద్దాం, రూపాయల్లో రాయకూడదు" అని చెప్పాం. బడి ఖాతాలు రాసిన చెయ్యి కదా. ప్రతి బిల్లూ అంటించారు.

పారిస్, 3 రోజులు, 410 యూరోలు. పొద్దున బగెట్లు, పండ్లు, పాలు సూపర్‌మార్కెట్ నుంచి. లా షపెల్‌లో రెండు పూటలు, గుడికి వెళ్ళాం, అమ్మ అర్చన చేయించింది. మారే పేటలో, ర్యూ దె రోజియేలో ఫలాఫెల్ తిన్నాం, నాన్నకు భలే నచ్చింది, "మన మసాలా వడే, బట్టలు మార్చుకుంది" అన్నారు. నీళ్ళ జగ్గు అడిగే బాధ్యత బాబుది. రెండో రోజుకే ఆ ఫ్రెంచ్ మాట ఎంత బాగా అన్నాడంటే వెయిటర్ నవ్వి చెయ్యి కలిపాడు. ఒక్కచోట మాత్రం నష్టపోయాం. లూవ్ర్ నుంచి మూడుంపావుకు బయటికొచ్చాం, అనుకున్నట్టే ఎక్కడా వంట లేదు. నాన్న షుగర్ కోసం ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో బయటి బల్లల దగ్గరే కూర్చోవలసి వచ్చింది. మూడు కాఫీలు, ఒక రసం, రెండు శాండ్‌విచ్‌లు 58 యూరోలు. ఆ బిల్లు నోటుబుక్కులో లేదు. నేనే దాచేశాను. 410లో అది కలిపే చెప్తున్నాను.

స్విట్జర్లాండ్, 4 రోజులు, 395 ఫ్రాంకులు. సరుకులకు 190. శనివారం చేరాం, జ్యూరిక్_తెలుగు గారు చెప్పకపోతే ఆదివారం పస్తే. "నాటూర్" పెరుగు అరకిలో డబ్బాలు ఏడు ఖాళీ చేశాం. మంచుకొండ మీది యుంగ్‌ఫ్రాయోఖ్ స్టేషన్‌కి వెళ్ళిన రోజు పొద్దున 5 గంటలకు లేచి అమ్మ పులిహోర కలిపింది. దారిలో క్లైనే షైడెగ్ స్టేషన్ బయట బల్ల మీద ఎదురుగా ఐగర్ కొండ, చేతిలో పులిహోర పొట్లం. అమ్మ మాట్లాడకుండా చాలాసేపు కొండనే చూసింది. పైన ఉన్న ఇండియన్ రెస్టారెంట్‌లో బఫే ఉంది, కానీ మనిషికి 30 ఫ్రాంకులు దాటుతుంది, కాబట్టి టీ తాగి దిగొచ్చాం. ఒక్క రాత్రి మాత్రం బయట కూర్చుని తిన్నాం. నేను, మావారు ఫాండ్యూ, మిగతా ముగ్గురూ రోష్టి, 128 ఫ్రాంకులు. పాలకొల్లు పిల్లోడూ, ఆ పూట నిన్నే తలుచుకున్నాం. ఆ ఊరి తిండి ఒక్కటైనా ఆ ఊళ్ళో కూర్చుని తినాలని నువ్వన్నది సరైన మాట. మిగిలిన 77 ఫ్రాంకులు రైళ్ళలో టీలు, చాక్లెట్లు, కూప్ సెల్ఫ్ సర్వీసులో ఒక మధ్యాహ్నం సలాడ్లు, సూపు.

రోమ్, 3 రోజులు, 430 యూరోలు. అన్నింటికన్నా ఇదే ఎక్కువైంది. మూడు పూటలు కూర్చుని తిన్నాం, కొపెర్తోకే 30 యూరోలు దాకా పోయింది. గుడ్డు గొడవ వల్ల ఎండు పాస్తాతో చేసినవే తీసుకున్నాం, తాజా పాస్తాలో గుడ్డు కలుపుతారని అక్కడే తెలిసింది. తూకం మీద అమ్మే పిజ్జా షాపు మాకు బాగా కలిసొచ్చింది. ఎంత కావాలో చేత్తో చూపిస్తే అంతే కోసి, తూచి ఇస్తారు. బంగాళాదుంపది, జున్ను లేని మరినారా అమ్మానాన్నలకు సరిపోయాయి. రోమ్ మార్కెట్లలో చూసి సుప్లీ అనే అన్నపు ఉండలు తినబోయాం, అడిగితే లోపల మాంసం సాస్ ఉందన్నారు. చూడ్డానికి మన పూర్ణంబూరెలా ఉంటుంది, జాగ్రత్త.

రూపాయల్లో మొత్తం లక్షా 28 వేల లోపు. ఏజెంట్ చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు. ఎవరూ ఆకలితో ఉండలేదు. నాన్న షుగర్ రోజూ చూశాం, ఒక్క పారిస్ రోజు తప్ప అదుపులోనే ఉంది.

ఓరుగల్లు77 · వరంగల్

చాలా సంతోషమైంది అక్కా. రోమ్‌ల నీళ్ళకెంత అయింది? మాకు నలుగురికి నీళ్ళ సీసాలకే రోజుకు 10 యూరోలు పోయినయ్.

గౌతమీతీరం · హైదరాబాద్

తమ్ముడూ, హోటల్లో కూర్చున్న మూడు పూటలు భోజనం బిల్లులో కలిసినవి తప్ప విడిగా సీసా కొనలేదు. రోమ్ వీధుల్లో ఇనుప కొళాయిలు ఉంటాయి, "నసోనే" అంటారు, పెద్ద ముక్కు అని అర్థం. ఊరంతా కలిపి 2,500 దాకా ఉన్నాయట. రాత్రింబగళ్ళు చల్లటి నీళ్ళు పడుతూనే ఉంటాయి. వంగి తాగక్కర్లేదు. ఆ ముక్కు చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నోటికి సరిగ్గా అందుతాయి. ఒక ముసలాయన నాన్నకు చేసి చూపించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అప్పటినుంచి కొళాయి కనపడితే చాలు, దాహం ఉన్నా లేకున్నా నాన్న, బాబు ఆగడమే. నోటుబుక్కులో రోమ్ పేజీల కింద "నీరు: 0" అని మూడు రోజులూ రాసి, ప్రతిదాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు.